మూడూ ఒకటీ కలిపినా నాలుగే

ఒకటి. తెర మీద ఒక్కటే గీత, దాని చివర "యాక్టివ్" అన్న మాట. రెండుండాలి. అదే ఆదేశాన్ని నాలుగోసారి కొట్టాను, నాలుగుసార్లు అడిగితే సర్వర్‌కి జాలేసి ఇంకో గీత చూపిస్తుందన్నట్టు. చూపించలేదు. యంత్రాలకున్న మంచి గుణమే అది, ఎన్నిసార్లడిగినా ఒకటే మాట; మనుషులైతే మూడోసారికే మన మొహం చూసి మాట మార్చేస్తారు. కొత్త స్విచ్ వచ్చిన అట్టపెట్టెను బోర్లించి దాని మీద కూర్చున్నాను, ఒళ్ళో ల్యాప్‌టాప్, భుజాల మీద శాలువా. ఆదివారం, ఉదయం పది దాటి ఏడు నిమిషాలు. ఆసుపత్రి నేలమాళిగలో ఈ సర్వర్ల గది ఎండాకాలంలోనూ వణికిస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళు ఐదు నిమిషాల్లో పారిపోతారు, నాకు మాత్రం ఈ చలీ ఈ హోరూ లేకపోతే తోచదు. ఇంట్లో ఫ్యాను ఆగితే నిద్ర లేచేవాళ్ళుంటారు చూడండి, అలాంటిదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా వింటున్న హోరు ఇది, ఇందులో ఏ చిన్న ఫ్యాను గొంతు మారినా నాకు తెలిసిపోతుంది. ఇప్పుడు ఏ గొంతూ మారలేదు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒకటుండాల్సిన చోట ఒకటీ, రెండుండాల్సిన చోట కూడా ఒకటీ ఉన్నాయి, అంతే.

"ఏమంటోందమ్మాయ్?" అన్నాడు బాబాయ్ ర్యాక్ వెనక నుంచి. బాబాయ్ నాకు బాబాయ్ కాడు, ఎవరికీ కాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలో తీగలు లాగుతున్న మేస్త్రీ, పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలా మనిషి దాకా అందరికీ బాబాయే. రెండుండాలి బాబాయ్, ఒకటే ఉంది అన్నాను. "ఒకటుందిగా?" ఉంది. "పని నడుస్తోందిగా?" నడుస్తోంది. "మరింకేం" అని మళ్ళీ తీగల్లోకి తల దూర్చేశాడు. ఆయన వేదాంతం అంత సుళువు. నా ఉద్యోగమేమో ఆ "మరింకేం" తర్వాత మొదలవుతుంది. నడుస్తున్నది ఎందుకు నడుస్తోందో, ఎంతసేపు నడుస్తుందో, దేని మీద నిలబడి నడుస్తోందో చూడటం. ఇప్పుడు నిలబడింది ఒంటి స్తంభం మేడ మీద. పైన ఐదంతస్తుల్లో తీసే స్కాన్ బొమ్మలన్నీ, తీసి దాచిన లక్షల బొమ్మలన్నీ, వేలెడు లావు కూడా లేని ఒక్క నారింజ రంగు తీగలోంచి వచ్చి పోతున్నాయి.

ఎవరికైనా చెప్పాలంటే ఇలా చెబుతాను. డిస్కులన్నీ బీరువా అంత పెట్టెలో ఉంటాయి, వాటిని వాడుకునే సర్వర్ ఎదుటి వరసలో ఉంటుంది, మధ్యలో తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలు రెండు, ఎడమ స్విచ్ ఒకటి, కుడి స్విచ్ ఒకటి. సర్వర్ నుంచి బీరువాకి నాలుగు దారులు, ఎడమ స్విచ్ మీదుగా రెండు, కుడి స్విచ్ మీదుగా రెండు. ఏది చెడినా ఇంకోటుంటుందని. చిక్కేమిటంటే, ఒక్క డిస్కునే సర్వర్ నాలుగు దారుల్లోంచి చూస్తుంది, చూసిన ప్రతిసారీ కొత్త మనిషొచ్చినట్టు ఒక కొత్త పేరు పెడుతుంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ. మా అక్కను నేను అక్కా అంటాను, దాని పిల్లలు అమ్మా అంటారు, మా ఆయన వదినా అంటాడు, వీధిలోవాళ్ళు టైలరమ్మా అంటారు, అంతమాత్రాన ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నారని నాలుగు కంచాలు పెడతామా? సర్వర్‌ని వదిలేస్తే పెడుతుంది. అందుకే మల్టీపాత్ అని ఒక పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెడతాం, అతను డిస్కు పుట్టుకతో వచ్చిన పొడవాటి నంబరు చూసి, ఒరేయ్ ఈ నలుగురూ ఒకరే, అని తేల్చి ఒకే పేరు కింద కట్టేస్తాడు. ఆ పేరు మనం పెట్టుకోవచ్చు. నేను పెట్టినవి "కొత్తబొమ్మలు", "పాతబొమ్మలు". నెల తిరిగిన స్కాన్లన్నీ మొదటి డిస్కు నుంచి రెండోదానికి పోతాయి. పై ఆఫీసువాళ్ళు ఇవేం పేర్లండీ అని నవ్వారు గానీ, పోయిన ఏడు వాళ్ళ మనిషొచ్చి చూసినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అర్థం చేసుకున్నది ఈ రెండు పేర్లనే.

ఇవాళ్టి పని చిన్నది. ఎడమ స్విచ్ ముసలిదైంది, దాన్ని తీసి కొత్తది పెట్టాలి. ఆసుపత్రి ఆపక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎడమవి రెండూ పోతే కుడివి రెండూ మోస్తాయి. అలాగని కాగితం మీద రాసి సంతకం చేసింది నేనే. పది గంటలకు ఎడమ స్విచ్ ఆపించాను. రెండు పోవాల్సింది, మూడు పోయాయి. ఆపే ముందు చూశాను కదా, నాలుగున్నాయి కదా, నాలుగూ బాగున్నాయి కదా అనుకుంటూ ఆపక ముందు దాచిన జాబితా తీసి చూస్తే అక్కడే ఉంది, నా కళ్ళెదుటే. ఎడమ వైపు మూడు, కుడి వైపు ఒకటి. నాలుగేళ్ళ క్రితం బీరువా నుంచి కుడి స్విచ్‌కి పోవాల్సిన ఒక తీగ ఎడమ స్విచ్‌లో దూరింది. నాలుగేళ్ళుగా ప్రతి నెలా మొదటి సోమవారం నేను నాలుగున్నాయా అని లెక్కపెట్టాను. ఉన్నాయి. ఎటు రెండు, ఎటు రెండు అని ఒక్కసారైనా చూడలేదు. మూడూ ఒకటీ కలిపినా నాలుగే అవుతుందని రెండో తరగతి పిల్లకు కూడా తెలుసు. పద్దెనిమిదేళ్ళ అనుభవం గల నాకు ఇవాళ తెలిసింది. ఇంకెవరైనా చేసి ఉంటే ఈపాటికి గది హోరు మించి అరిచేదాన్ని.

బాబాయ్ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు, చేతిలో టార్చి. చూపించాను. "ఆ తీగ పెట్టింది నేనే" అన్నాడు చాలాసేపు చూసి. లెక్కపెట్టింది నేను అన్నాను. "పోనీ, ఇప్పుడు తీసి కుడిదాంట్లో పెట్టేస్తే పోలా? ఎడమది ఎలాగూ ఆగిపోయిందిగా, ఆ తీగలో ప్రాణం లేదుగా." ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ తీగ చచ్చిన తీగ. కానీ అది బతికున్న తీగతో పాటే ఒకే కట్టలో, ఒకే రంగులో, ఒకే గొట్టంలోంచి వస్తోంది, రెంటికీ అంటించిన చీటీల మీద ఒకే రాత, బాబాయ్ రాతే. మొదటిదాన్ని లాగుతుంటే రెండోది వెంట్రుకవాసి కదిలినా చాలు. "నువ్వు చీటీ చూసి నమ్ముతావా బాబాయ్, నాలుగేళ్ళ నాటిది?" ఆయన టార్చి ఆర్పి, గడ్డం గోక్కుని, "నా రాత నేనే నమ్మను" అన్నాడు. అయితే కట్టను ముట్టుకోవద్దు, పాతదాంట్లో ఉన్న కొసలు తీసి కొత్తదాంట్లో పెట్టడం వరకే. కొత్త స్విచ్ లేచి, దానికి చెప్పాల్సినవన్నీ చెప్పి, ఎడమ వైపు మూడు దారులూ తిరిగొచ్చేదాకా ఆ కట్ట మీద ఈగను కూడా వాలనివ్వద్దు. ఎంతసేపు? నలభై నిమిషాలు. ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని చేతులు కట్టుకుని కూర్చోవడం, నాకు అది రావడానికి పదేళ్ళు పట్టింది. బాబాయ్‌కి పుట్టుకతోనే వచ్చు, కొత్త స్విచ్ బిగించి కరెంటిచ్చి, వెళ్ళి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

పది ఇరవైకి ఫోను మోగకుండా వెలిగింది. అక్క. "మంగళవారం కాదుట ఇవాళే రమ్మన్నారు పైన ఉన్నా నువ్వు డ్యూటీలో ఉన్నావా చలిగా ఉందే ఇక్కడ." చుక్కా కామా లేకుండా, అది మాట్లాడినట్టే. చదివి మళ్ళీ చదివాను. ఇవాళ ఆదివారం, అత్యవసరాలు తప్ప స్కాన్లుండవని కదా ఈ రోజు పెట్టుకున్నాను. దాని డాక్టరు వచ్చే వారమంతా ఊళ్ళో ఉండడట, అందుకని ఆదివారం ప్రత్యేకంగా వచ్చి దీన్ని పిలిపించాడట, అది రెండో సందేశం. మూడోది, "సూది పొడిచేశారు లోపలికి తీసుకెళ్తున్నారు ఫోను ఇచ్చేయాలిట." అంతే. మా అక్క ఇప్పుడు నా నెత్తి మీద, రెండంతస్తుల పైన, ఆ గుండ్రటి యంత్రంలో వెల్లకిలా పడుకుని ఉంది. దాని పాత బొమ్మలేడూ నా ఎదురుగా బీరువాలో ఉన్నాయి. రెంటికీ మధ్య నేను మిగిల్చిన దారి ఒక్కటి.

పదకొండు నెలలు. మొదటి బొమ్మలో కాలేయం పక్కన ఉన్నదాన్ని తగ్గించడానికి మందులు, మందులు తెచ్చిన వాంతులు, ఊడిన జుట్టు, ఊడిన జుట్టుకి అది తనే గుడ్డ ముక్కలతో కుట్టుకున్న ఏడు రకాల టోపీలు. నెలన్నరకొక స్కాను. ఇవాళ్టిది ఎనిమిదోది, దీంతో తేలుస్తానన్నాడు డాక్టరు. పాతవాటితో పోల్చి చూసి, పోయిందంటే మందులు ఆపేయడం, ఉందంటే కోత. కోత అన్న మాట విని అక్క, ఆయన దగ్గర కత్తెర ఏ కంపెనీదో కనుక్కోవే అంది, నేను నవ్వలేదని కోపం తెచ్చుకుంది. అందుకని, ఈ ఒక్క దారీ పోతే ఏమవుతుంది? ఆసుపత్రి కూలిపోదు. సర్వర్ పాపం రాయాల్సినవన్నీ వరసలో నిలబెట్టి దారి కోసం ఎదురుచూస్తుంది, నేను తంటాలు పడి గంటకో రెండు గంటలకో లేపుతాను. కానీ ఆ డాక్టరు ముందు తెర మీద పాత బొమ్మలు రావు. పోల్చలేడు. ప్రయాణం ఉన్నవాడు లేచి వెళ్ళిపోతాడు. అక్క ఇంకో వారం, పది రోజులు, తెలియకుండా బతకాలి. ఆ పది రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఆరుసార్లు దాని పక్కన కూర్చుని చూశాను. సూది దారం పట్టుకుని కుట్టదు, కుట్టకుండా ఊరుకోదు. అందుకే ఇప్పుడు ఆ కట్ట వైపు చూడటానికి కూడా భయంగా ఉంది, చూపుకే కదులుతుందేమో అన్నట్టు.

భయమే, కానీ వింతగా అంత భయం కాదు. ఏం చేయాలో తెలిసినప్పుడు ఉండే భయం వేరు. ఏమీ చేయకూడదు, అంతే చేయాలి. కొత్త స్విచ్ పచ్చదీపం ఒకసారి వెలిగి ఆరింది, తనను తాను పరీక్షించుకుంటోంది, కానివ్వు తల్లీ, తొందరేం లేదు. దీని తీగలు పెట్టి దారులు తెరవగానే సర్వర్ మళ్ళీ పేర్లు పంచుతుంది. పోయిన ఎస్‌డీసీ ఎస్‌డీసీగానే రావాలని ఏ చట్టమూ లేదు, ఎస్‌డీజీ అని రావచ్చు, ఎస్‌డీఎఫ్ అని రావచ్చు. ఎవరు ముందొస్తే వాళ్ళకి ముందు అక్షరం, బస్సులో కిటికీ పక్క సీటులాగా. ఆ పేర్లను నమ్మి నేనొకసారి మునిగాను. అప్పటికి ఈ ఉద్యోగంలో ఆరేళ్ళు, అన్నీ వచ్చనుకునే వయసు. ఒక డిస్కు ఖాళీ చేసి తుడవాలి, పేరు ఎస్‌డీసీ అని పొద్దున కాగితం మీద రాసుకున్నాను. మధ్యాహ్నం ఎవరో సర్వర్ ఆపి మళ్ళీ లేపారు. సాయంత్రం కాగితం చూసి ఎస్‌డీసీ తుడిచేశాను. అప్పటికి ఎస్‌డీసీ అనే కుర్చీలో ఇంకో డిస్కు కూర్చుని ఉంది. పాత ప్రతుల నుంచి అంతా వెనక్కి తెచ్చాం, ఆ ఒక్క రోజువి తప్ప. ఆ ఒక్క రోజు తొంభై ఒక్క మంది.

తొంభై ఒక్క మందికీ నేనే ఫోన్ చేశాను. చేయమని ఎవరూ అనలేదు, పై ఆఫీసు ఒక ఉత్తరం పంపుదాం అంది. నేనే కూర్చుని, నమస్కారమండీ, తప్పు మాదే, మీరు మళ్ళీ రావాలి, పైసా అక్కర్లేదు, అని తొంభై ఒక్కసార్లు. తిట్టినవాళ్ళున్నారు, తిట్టారంటే సుఖం. ఒక ముసలాయన మాత్రం, "మంచిదమ్మా, మొదటిసారి సరిగ్గా ఊపిరి బిగపట్టలేదు, ఈసారి బాగా పడుకుంటాను" అన్నాడు, తప్పేదో ఆయనదే అన్నట్టు. ఆయన మాటకే ఏడ్చాను. ఆ తర్వాత నుంచే ఈ గదిలో ఒక ఆచారం. డిస్కును పేరు పెట్టి తుడవకూడదు. ఇద్దరుండాలి. తుడిచే మనిషి తెర చూస్తూ పుట్టుక నంబరు చివరి ఆరు అంకెలూ పైకి చదవాలి, రెండో మనిషి తెర చూడకుండా గోడ వైపు తిరిగి, చేతిలో కాగితం మీద వాటికి సున్నాలు చుట్టాలి. గోడ వైపు ఎందుకంటే, తెర చూస్తే కన్ను ఒప్పేసుకుంటుంది, చెవి ఒప్పుకోదు. మొదట్లో నవ్వారు, చిన్నపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టుందని. ఇప్పుడు బాబాయ్ కూడా గోడ వైపు తిరిగి నిలబడతాడు, సెలవులో ఉన్నా వచ్చి. పేర్ల విషయంలో ఇంత జాగ్రత్త నేర్చుకున్నదాన్ని దారుల విషయంలో వట్టి అంకె చూసి మురిసిపోయాను. చేతులు కాలితేగానీ మనకి నిప్పు గుర్తుండదు, పైగా ఏ చెయ్యి కాలితే ఆ చెయ్యే నేర్చుకుంటుంది.

పది ముప్ఫై నాలుగు. తెరలో ఇంకో కిటికీ తెరిచాను, రెండు సెకన్లకోసారి ఏ డిస్కు ఎంత చదువుతోంది, ఎంత రాస్తోంది చూపించేది. కొత్తబొమ్మలు, సున్నా, సున్నా. పాతబొమ్మలు, సున్నా. ఆదివారం నిద్ర. అన్నట్టు, ఆ డిస్కులో ఏముందో నేను చూడొచ్చు. రూట్ అధికారం అంటే అదే, ఈ ఇంట్లో నా దగ్గర తాళంచెవి లేని గది లేదు. అక్క పేరు కొడితే దాని ఏడు బొమ్మలూ, ఏడు రిపోర్టులూ, ఇంకాసేపట్లో ఎనిమిదోదీ. కంచే చేను మేయకూడదని ఉద్యోగంలో చేరిన రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఎవరిదీ చూడలేదు, సినిమా వాళ్ళొచ్చినా, మంత్రులొచ్చినా, మా ఆయన మేనత్త వచ్చినా. ఒక్కసారి తప్ప. పదకొండు నెలల క్రితం, అక్క కడుపులో నొప్పని స్కాను తీయించుకున్న సాయంత్రం. రెండు నిమిషాలు పట్టింది. చదివాను. డాక్టరు అపాయింట్‌మెంట్‌కి ఇంకా రెండు రోజులుంది.

ఆ సాయంత్రమే దాని ఇంటికి వెళ్ళాను, వెళ్ళకుండా ఉండలేక. బడి పిల్లల గౌనులు కుడుతోంది, నేలంతా నీలం గుడ్డ. తలెత్తి నా మొహం చూసింది, మిషను ఆపింది, పాదం ఇంకా తొక్కుడు మీదే ఉంది. "నీకు తెలుసు" అంది. అడగలేదు, అంది. నేను అబద్ధమాడలేను, ఆడినా దాని దగ్గర చెల్లదు, చిన్నప్పటి నుంచీ నా మొహం దాని పాఠ్యపుస్తకం. వారం రోజులు నాతో మాట్లాడలేదు. జబ్బు వచ్చినందుకు కాదు, దాని సంగతి దానికంటే ముందు నాకు తెలిసినందుకు. "నా ఒంట్లో ఉన్నది నాకు చివర చెబుతారా? నేనేమైనా మీ సర్వర్‌నా?" అంది ఎనిమిదో రోజు. తర్వాత చెయ్యి పట్టుకుని, "ఇంకెప్పుడూ చూడకు. మంచైనా చెడైనా నేనే చెబుతా. నువ్వు వినాలి, నేను చెప్పాలి, అదీ వరస" అంది. చూడలేదు. ఆరు స్కాన్లు, ఆరుసార్లూ చేతులు శాలువాలో దాచుకుని కూర్చున్నాను. దాని నోట్లో నువ్వుగింజ నానదు, అయినా నా సహనం పరీక్షించడానికి ఒక్కోసారి సాయంత్రం దాకా నానబెడుతుంది.

పది నలభై ఒకటికి పాతబొమ్మలు కదిలింది. చదువు, ఒక్కసారిగా పైకి, తర్వాత సున్నా. ఎవరో పాత స్కాను ఒకటి తెరిచారు. ఎవరిదో నాకెలా తెలుస్తుంది, తెలియదు. కానీ ఆదివారం ఈ పూట పోల్చి చూసే పని ఉన్నది ఒక్కరికే. ఒక్క దారి మీద వస్తోంది, నెమ్మదిగా, అయినా వస్తోంది, నారింజ రంగు తీగ, నువ్వు బంగారానివే. అక్కడ పైన డాక్టరు మిషను దగ్గరి తెర మీద కొత్తది పెట్టుకుని, పక్కన పాతది పెట్టుకున్నాడన్నమాట. సరే. చూశాడు. ఇంకేముంది, చెప్పేస్తాడు. నిమిషం. మళ్ళీ కదిలింది. రెండోది తెరిచాడు. ఎందుకు? ఒకదానితో సరిపోలేదా? మూడోది. కొత్త స్విచ్ దీపాలు వరసగా పచ్చబడుతున్నాయి, దానికి చెప్పాల్సినవి చెబుతున్నాను, నా వేళ్ళు వాటంతటవే కొడుతున్నాయి, కళ్ళు మాత్రం ఆ అంకెల మీదే. నాలుగోది. డాక్టర్లు ఊరికే వెనక్కి వెనక్కి వెళ్ళరు. ఏదో కనబడితేనే, ఇది ముందు ఉందా, ఎప్పటి నుంచి ఉంది, ఎంతుంది అని తవ్వుతారు. బాగున్నదాన్ని ఎవరు తవ్వుతారు? నేనూ అంతేగా, ఇందాక మూడు దారులు పోతేనే గదా దాచిన జాబితా తవ్వి చూశాను. ఐదోది. బాబాయ్, నీళ్ళున్నాయా అన్నాను, నా మాట నాకే వినబడలేదు. ఆరోది. కోత అయితే అయింది, కోస్తారు, కోసి బాగైనవాళ్ళు ఎంతమంది లేరు, బండెడు మంది ఉన్నారు. ఏడోది. అంటే మొట్టమొదటిది, నేను దొంగతనంగా చదివింది. అక్కడి దాకా వెళ్ళాడు. ఇక వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు.

చూడొచ్చు. ఇప్పుడే. రిపోర్టు రాయడం మొదలుపెట్టి ఉంటే రెండు పదాలైనా ఉంటాయి. ఆ రెండు పదాలతో ఈ నిమిషం తెలిసిపోతుంది, ఏడవాల్సింది ఇక్కడే ఏడ్చేసి, మొహం కడుక్కుని, దాని ముందుకు గట్టిగా వెళ్ళొచ్చు. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. "ఎడమది లేచిందిరా అమ్మాయ్" అన్నాడు బాబాయ్, నీళ్ళ సీసా నా పక్కన పెడుతూ. తీగలన్నీ పెట్టేశాడట, నేను పెట్టమన్నానట, నాకు గుర్తు లేదు. అక్క పేరు కొట్టే బదులు దారుల జాబితా అడిగాను. ఒకటి. కాసేపటికి రెండు. మూడు. నాలుగు. పేర్లు మారే వచ్చాయి, ఎస్‌డీహెచ్ అట ఒకదాని పేరు, ఏ పేరైతేనేం, రండి నాయనా, లోపలికి రండి. ఈసారి ఎటు ఎన్నో చూశాను. ఎడమ మూడు, కుడి ఒకటి. ఆ తప్పు తీగ సంగతి తర్వాత, పైన పని అయ్యాక. ముందు ఒంటి స్తంభం బెంగ తీరింది. నాలుగు గుక్కల నీళ్ళు తాగాను. లోపల ఎక్కడో కుదుటపడింది. నా చేతిలో ఉన్నది నేను పడిపోనివ్వలేదు, నా చేతిలో లేనిది నేను ముట్టుకోలేదు. అంతకంటే మంచి పూట ఈ ఉద్యోగంలో ఏముంటుంది.

కొత్తబొమ్మలు కదిలింది. ఈసారి రాత. పెద్ద బొమ్మ, ముక్కలు ముక్కలుగా వస్తోంది. అది కూడా ఎవరిదో తెలియదు, అయినా తెర మీద ఆ అంకెను వేలితో తాకాను, చలికి తెర చల్లగా ఉంది. అప్పుడు ఫోను మోగింది.

"ఏమే, నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఇక్కడే."

"చూశావా?"

"చూళ్ళేదు."

"ఒట్టు?"

"ఒట్టేనే. చెప్పు."

ఎవరినో పక్కకు జరగమంది, కుర్చీ లాక్కుంది, ఊపిరి పీల్చుకుంది. కథ చెప్పడానికి కూర్చున్నట్టు కూర్చుంది, కనబడకపోయినా నాకు తెలుసు. "ఆ డాక్టరు ఉన్నాడే, అంత చదువుకున్నవాడు, పాతవన్నీ ఒకదాని తర్వాత ఒకటి తీస్తున్నాడు. నాకు అద్దంలోంచి కనబడుతోంది. ఒకటి తీశాడు, రెండు తీశాడు, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడూ తీశాడు. బయటికొచ్చాక అడిగాను, ఏమిటండీ అన్నిసార్లు చూశారు, అంత పెద్దదైందా అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఏం లేదమ్మా, కొత్తదాంట్లో అది ఎక్కడుందో దొరకలేదు, నేనే చోటు మర్చిపోయానేమోనని పాతవి చూసుకుంటూ వచ్చాను అన్నాడు. మొదటిదాంట్లో చోటు చూసుకుని మళ్ళీ ఇందులో వెతికాడట. లేదుటే. ఆ చోటుంది గానీ అది లేదు."

ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో తెలియదు, శాలువా జారి కింద పడింది. బాబాయ్ కంగారుగా నా వైపు రాబోయి, నా మొహం చూసి ఆగిపోయి, తనే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, సంగతేంటో తెలియకుండానే.

"వింటున్నావా?"

"ఊఁ."

"ఏడుస్తున్నావా?"

"ఊఁ."

"ఏడువు గానీ ఆ తీగలకు దూరంగా జరిగి ఏడవ్వే. నా బొమ్మ ఇంకా సగమే లోపలికి వెళ్ళిందట."